ఎక్కడ తినాలి, ఎక్కడ తిననిస్తారు: న్యూయార్క్ భోజనశాలల రెండు వందల ఏళ్ళు

ఇంటి బయట తినవలసి వచ్చినప్పుడు ఏ గుమ్మం ఎక్కాలో మనిషి తానే తేల్చుకోవడమనేది అమెరికా తూర్పు తీరపు మహానగరమైన న్యూయార్క్‌లో రెండు వందల ఏళ్ళకు మించి వయసు లేని అలవాటు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడి గృహస్థుడు ఉదయం పనికి వెళ్ళి, మధ్యాహ్నం ఇంటికి నడిచి వచ్చి, రోజులోని ప్రధాన భోజనం కుటుంబంతో కలిసి చేసేవాడు. బాటసారులకూ బ్రహ్మచారులకూ మాత్రం మద్యశాల, బస, భోజనం మూడూ ఒకే కప్పు కింద ఉండే టావెర్న్‌లు దిక్కు. వాటి పద్ధతి తెలుగునాట పూటకూళ్ళ ఇళ్ళ పద్ధతిని పోలి ఉండేది: వేళకు గంట కొడితే అందరూ ఒకే పొడవాటి బల్ల చుట్టూ చేరి, ఆ పూట వండినదేదో తిని, ఎంత తిన్నా ఒకటే ధర చెల్లించి లేచేవారు. 1825లో ఈరీ కాలువ తెరుచుకోవడంతో దేశపు లోపలి ప్రాంతాల ధాన్యమూ కలపా న్యూయార్క్ రేవుకు చేరడం మొదలై, 1820లో సుమారు 1,24,000గా ఉన్న జనాభా 1860 నాటికి 8 లక్షలు దాటింది. మన్‌హాటన్ సన్నని, నిడుపాటి ద్వీపం కావడం వల్ల కచేరీలూ బ్యాంకులూ గోదాములూ దాని దక్షిణపు కొసన బిగుసుకుపోగా, ఇళ్ళు ఏడాదికేడాది ఉత్తరానికి జరిగిపోయాయి. మధ్యాహ్న భోజనానికి ఇంటికి వెళ్ళి రావడం ఎప్పుడైతే అసాధ్యమైందో, అప్పుడే ఎక్కడ తినాలన్న ప్రశ్న పుట్టింది.

ఈ ప్రశ్న చరిత్రను సాధారణంగా తినేవాడి వైపు నుంచే రాస్తుంటారు: నగరం పెరిగింది, వంటకాలు పెరిగాయి, ఎంపిక పెరిగింది అన్నది ఆ కథ సారాంశం. అందులో అబద్ధం లేదు గాని, సగం కథ లేదు. భోజనశాల కూడా తన గుమ్మం ఎక్కేవారిని మొదటి నుంచీ ఎంచుకుంటూనే వచ్చింది. రంగు, స్త్రీపురుష భేదం, మతం, జేబు బరువు, ముఖ పరిచయం ఆ ఎంపికకు ప్రాతిపదికలు. ఎక్కడ తినాలో చెప్పడానికి ఆ నగరం కనిపెట్టిన గుర్తులలోనూ గ్రంథాలలోనూ చాలా వాటిని, ఎక్కడ తిననిస్తారన్న ఈ రెండో ప్రశ్నను పక్కన పెట్టి అర్థం చేసుకోవడం కష్టం.

తొలి పెద్ద మార్పు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన డెల్మోనికో సోదరులది. 1827లో విలియం వీధిలో కాఫీ, కేకులు అమ్మే చిన్న అంగడిగా మొదలైన వారి వ్యాపారం మూడు నాలుగేళ్ళలోనే పారిస్ తరహా రెస్టారెంటుగా మారి, 1835 నాటి మహాగ్నిప్రమాదంలో కాలిపోయి, 1837లో బీవర్ వీధి మూలమీద ఘనంగా తిరిగి లేచింది. వారు తెచ్చిన కొత్తదనం రుచి ఒక్కటే కాదు. ప్రతి వంటకానికీ విడిగా ధర వేసి, ఫ్రెంచి పేర్లకు ఎదురుగా ఇంగ్లీషు పేర్లు అచ్చొత్తించిన మెనూను వారు అతిథి చేతిలో పెట్టారు. కూర్చోవడానికి విడి బల్ల ఇచ్చారు. తనకు ఆకలైన వేళకు రానిచ్చారు. ఏ పూటకు ఆ పూట ఇంటివారు వండినది తినే స్థితి నుంచి, వందలాది వంటకాలలో తనకు కావలసినది చూపుడువేలితో చూపే స్థితికి తినేవాడు చేరాడు. అమెరికన్ అంగళ్ళలో దొరకని కూరగాయల కోసం ఆ కుటుంబం బ్రూక్లిన్‌లో 220 ఎకరాల తోట కొన్నదంటే, ఆ మెనూ ఎంత పెట్టుబడిని కోరిందో తెలుస్తుంది. ఎంచుకునే స్వేచ్ఛ అక్కడ ఖరీదైన సరుకు. వీధిలో నడిచే గుమాస్తాకు ఆ గుమ్మం కనబడేదే తప్ప అందేది కాదు.

గుమాస్తాకూ రేవు కూలీకీ అందినవి ఆల్చిప్పల నేలమాళిగలు. హడ్సన్ నది సముద్రంలో కలిసే చోట పరచుకున్న ఆల్చిప్పల తిప్పలు ఆనాడు ఎంత సమృద్ధంగా ఉండేవంటే, చిప్పలోని ఆ మెత్తని మాంసం పేదవాడికీ ధనికుడికీ సమానమైన ఆహారమై, వీధిబండ్ల మీద కూడా కాసులకు దొరికేది. వీధి మట్టానికి దిగువన, మెట్లు దిగి వెళ్ళే ఈ దుకాణాలకు రాత్రివేళ ఒక గుర్తు ఉండేది: తీగ చట్రం మీద ఎర్రని పలుచటి గుడ్డ కట్టి, లోపల దీపం పెట్టిన బుడగ వంటి లాంతరు. చదువు రానివాడికి కూడా దూరం నుంచే కనబడే ఆ ఎర్ర బుడగ వెలుగుతున్నదంటే లోపల ఆల్చిప్పలు ఉన్నాయని అర్థం. అయితే అంతకు మించి అది ఏమీ చెప్పేది కాదు. చాలా మాళిగల్లో ఆల్చిప్పలతో పాటు జూదమూ వ్యభిచారమూ నడిచేవి కనుక, ఏ మెట్లు దిగవచ్చో ఏవి దిగరాదో తెలుసుకోవడానికి మనిషి మాటే ఆధారం.

ఆ మాట ప్రకారం అందరికంటే పైన నిలిచినవాడు థామస్ డౌనింగ్. వర్జీనియా తీరాన చింకటీగ్ ద్వీపంలో 1791లో స్వేచ్ఛ పొందిన నల్లజాతి తల్లిదండ్రులకు పుట్టి, 1819లో న్యూయార్క్ చేరిన ఇతడు, 1825లో బ్రాడ్ వీధిలో, బ్యాంకులకూ సుంకపు కచేరీకీ కూతవేటు దూరంలో, తన ఆల్చిప్పల ఇల్లు తెరిచాడు. తివాచీలు, పట్టు తెరలు, గాజు దీపాలు అమర్చి, మర్యాదస్తులు భార్యలను వెంటబెట్టుకొని రాగలిగిన తొలి మాళిగగా దానికి పేరు తెచ్చాడు. 1842లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ గౌరవార్థం నగర ప్రముఖులు ఏర్పాటు చేసిన మహానృత్యోత్సవంలో విందు బాధ్యత కూడా అతనిదే. అతని బల్లల దగ్గర కూర్చున్నవారు దాదాపు అందరూ శ్వేతజాతి సంపన్నులు. దక్షిణాది నుంచి తప్పించుకు వచ్చిన బానిసలు దాక్కున్నది అదే భవనపు అడుగు గదులలో. నగరపు ప్రముఖులందరికీ వడ్డించిన ఆ మనిషినే నల్లవాడన్న కారణంతో వీధి రైలుపెట్టె నుంచి కొట్టి దించేశారు. 1866లో అతడు మరణించినప్పుడు గౌరవసూచకంగా వాణిజ్య మండలి ఆ రోజుకు తలుపులు మూసుకున్నది. వంట నమ్మదగినదే గాని వండినవాడు పక్కన కూర్చోదగినవాడు కాడన్న వైఖరి ఆ నగరంలో ఆ తరంతోనే పోలేదు.

మనిషి మాట స్థానంలో పత్రిక మాట వచ్చిన రోజు ఇదమిత్థంగా చెప్పగలిగినది కావడం విశేషం. 1859 జనవరి 1న న్యూయార్క్ టైమ్స్ తన విలేఖరి ఒకరిని నగరంలోని భోజనశాలలన్నిటి మీదికీ పంపి, డెల్మోనికో వంటి ఉన్నత శ్రేణి వాటి నుంచి ఆరు సెంట్ల పళ్ళెం అమ్మే చౌక ఇళ్ళ దాకా ఎక్కడ ఎలా తింటున్నారో రాయించింది. పేరు లేకుండా, పరిహాసపు ధోరణిలో సాగిన ఆ రచనను అమెరికన్ పత్రికలలో రెస్టారెంటు సమీక్షకు ఆద్యంగా చరిత్రకారులు లెక్కిస్తారు. అయితే అది ఒంటరిగానే మిగిలింది. వారం వారం తీర్పు చెప్పే సమీక్షకుడు రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ఈ లోగా సగం జనాభాకు ఎంపిక అన్న మాటే వర్తించలేదు. పురుషుడు వెంట లేని స్త్రీకి, ముఖ్యంగా చీకటి పడ్డాక, మంచి భోజనశాలలేవీ వడ్డించేవి కావు. ఒంటరిగా వచ్చినది వేశ్య కావచ్చునన్న అనుమానం దానికి చెప్పుకున్న కారణం. పగటి వేళ హోటళ్ళలో స్త్రీలకు ప్రత్యేకించిన గదులు, బ్రాడ్వే మీది ఐస్‌క్రీమ్ శాలలు, 1870ల చివరి నుంచి పెద్ద బట్టల దుకాణాలు తమ పై అంతస్తుల్లో తెరిచిన భోజన గదులు, ఇవే వారికి మిగిలినవి. 1868 ఏప్రిల్‌లో పాత్రికేయుల సంఘం డెల్మోనికోలో డికెన్స్‌కు ఇచ్చిన విందుకు తనను రానివ్వకపోయేసరికి, జేన్ కనింగ్‌హామ్ క్రోలీ అనే పాత్రికేయురాలు సొరోసిస్ అన్న పేరుతో స్త్రీల సంఘం స్థాపించి, అదే నెల 20న అదే డెల్మోనికోలో పురుషులు లేకుండా మధ్యాహ్న భోజన సమావేశం జరిపించింది. ఆ గెలుపు ఒక ఇంటికి, ఒక పూటకు పరిమితమైనది. 1907లో హాఫ్‌మన్ హౌస్ హోటలు సాయంత్రం వేళ తనకు వడ్డించ నిరాకరించినందుకు, ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు హారియట్ స్టాంటన్ బ్లాచ్ దావా వేసి ఓడిపోయింది. ఈస్ట్ విలేజిలోని మెక్‌సార్లీ మద్యశాల గుమ్మం స్త్రీలకు తెరుచుకున్నది 1970లో, నగరపాలన ప్రత్యేకంగా చట్టం చేసిన తర్వాత.

మతం నిర్ణయించే ఎంపిక వేరే రకం. 1880ల నుంచి తూర్పు ఐరోపా యూదులు లక్షల్లో వచ్చి లోయర్ ఈస్ట్ సైడ్‌లో స్థిరపడ్డాక, ఆ వీధుల్లో తినేవాడు మొదట చూసేది కిటికీ అద్దం మీది హీబ్రూ అక్షరాలను. కోషర్ అంటే యూదు ధర్మశాస్త్రం అనుమతించినదని అర్థం; పంది మాంసం, చిప్ప జలచరాలు నిషిద్ధం కాగా, మాంసమూ పాలూ ఒకే విస్తట్లో, ఒకే పాత్రలో కలవరాదు. అందువల్ల మాంసం అమ్మే డెలికటెసెన్‌లు ఒక తెగగా, వెన్న, మీగడ, చేపలు వడ్డించే పాడి భోజనశాలలు మరో తెగగా విడిపోయాయి. దుకాణదారు చెప్పుకున్నంత మాత్రాన చాలక యూదు మతగురువైన రబ్బీ ధ్రువపత్రం అవసరమైంది, ఆ ధ్రువపత్రాలలోనూ దొంగవి పుట్టుకొచ్చాయి. దాంతో 1915లో న్యూయార్క్ రాష్ట్రం కోషర్ పేరుతో మోసం చేయడాన్ని నేరంగా ప్రకటించింది. ఏది మతసమ్మతమో ప్రభుత్వం తేల్చరాదంటూ ఫెడరల్ న్యాయస్థానం 2000లో ఆ చట్టాన్ని కొట్టివేసేదాకా, న్యూయార్క్ భోజనప్రియుడి ధర్మసందేహాలను రాష్ట్ర తనిఖీదారులే తీర్చారు.

పక్కనే ఉన్న మాట్ వీధి చైనీయులది. 1882 చట్టం చైనా శ్రామికుల వలసను నిషేధించిన తర్వాత కూడా ఆ పేటలో భోజనశాలలు తగ్గకపోగా పెరగడం పైకి వింతగా కనిపిస్తుంది. 1896లో చైనా రాజప్రతినిధి లీ హుంగ్‌చాంగ్ న్యూయార్క్ వచ్చినప్పుడు పుట్టిన వేలంవెర్రిలో చాప్ సూయీ అనే తరుగు కూర నగరమంతటికీ ఇష్టమైపోయిందన్నది దానికి ఒక కారణం. ఆయన వంటవాడే దాన్ని సృష్టించాడన్న కథ మాత్రం కట్టుకథ. అసలు కారణం చట్టంలో ఉంది. వర్తకులకు మినహాయింపు ఉండగా, 1915లో ఒక ఫెడరల్ న్యాయస్థానం రెస్టారెంటు యజమానిని కూడా వర్తకుడిగా గుర్తించింది. ఆ హోదా దక్కాలంటే భోజనశాల ఉన్నత శ్రేణిది కావాలి, యజమాని ఏడాది పాటు వంటా వడ్డనా వంటి శారీరక శ్రమ చేయకూడదు. బంధువులు డబ్బు పోగేసి, వంతులవారీగా యజమానులై, చెక్కిన దారుశిల్పాలతో, విద్యుద్దీపాల బోర్డులతో విశాలమైన శాలలు నిర్మించారు. చైనా రుచిగా న్యూయార్క్ వాసి ఎంచుకున్న ఆ ఆడంబరం నిజానికి వలస అధికారికి చూపించవలసిన అర్హత. యూదులకు ఆదివారం తెరిచి ఉండే ఈ శాలలు ఎందుకు అంత దగ్గరయ్యాయన్నది వేరే పుస్తకం కోరే విషయం. అక్కడి వంటలో పాలు, వెన్న ఉండవన్నది చెప్పుకోదగిన కారణాలలో ఒకటి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎంపికను శాసించినది భయం. కల్తీ పాలు, కుళ్ళిన మాంసం గురించిన వార్తలు పత్రికలనిండా ఉన్న ఆ రోజుల్లో, 1889లో మొదలైన చైల్డ్స్ భోజనశాలలు గోడలకు తెల్ల పలకలు పరిచి, వడ్డించే స్త్రీలకు తెల్ల దుస్తులు తొడిగి, వీధి వైపు కిటికీలో అందరికీ కనబడేలా పెనం మీద పాన్‌కేకులు తిప్పించాయి. దాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్ళినవి హార్న్ అండ్ హార్డార్ట్ సంస్థవారి ఆటోమాట్‌లు. 1902లో ఫిలడెల్ఫియాలో పుట్టి 1912లో టైమ్స్ స్క్వేర్‌కు వచ్చిన ఈ శాలలో గోడ పొడవునా చిన్న చిన్న గాజు తలుపుల అరలు ఉండేవి. గల్లా గూటిలో కూర్చున్న స్త్రీ, వేళ్ళకు రబ్బరు తొడుగులు వేసుకొని, డాలరు తీసుకొని లెక్కపెట్టకుండానే ఇరవై నికెల్ నాణేలు జారవిడిచేది. నికెల్ అంటే ఐదు సెంట్లు. నాణెం సందులో వేసి పింగాణీ పిడి తిప్పితే తలుపు తెరుచుకొని ఉడికించిన బీన్సు గిన్నెనో పై ముక్కనో చేతికిచ్చేది, ఇత్తడి డాల్ఫిన్ నోటి నుంచి కాఫీ ఒక్క కప్పుకు సరిపడా ధార కట్టి ఆగేది. వంటవాడు కనబడడు, వడ్డించేవాడు లేడు, బహుమానం ఇవ్వనక్కర్లేదు, ఇంగ్లీషు మాట్లాడవలసిన పని లేదు. ముఖం చూసి కూర్చోబెట్టే మనిషే లేకపోవడం వల్ల ఒంటరి స్త్రీ, పని లేని నటుడు, నిన్న ఓడ దిగిన వలసదారు, బ్యాంకు అధికారి ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగారు. న్యూయార్క్ భోజనశాలలన్నిటిలోకీ ప్రజాస్వామికమైనదానికి యంత్రమే కారణమన్నది ఆ నగరానికి అంత గౌరవమిచ్చే విషయం కాదు. 1950 దాకా నిలబడిన ఐదు సెంట్ల కాఫీ ధర పెరిగాక దాని పతనమూ మొదలై, 42వ వీధిలోని చివరి ఆటోమాట్ 1991లో మూతపడింది.

యంత్రం లేని చోట పరిస్థితి ఎలా ఉండేదో మన్‌హాటన్ ఉత్తరాన నల్లజాతివారి పేట హార్లెం చెబుతుంది. బహిరంగ స్థలాల్లో సమానంగా వడ్డించాలని న్యూయార్క్ రాష్ట్ర చట్టం 1895 నుంచే చెబుతున్నా, నల్లజాతివారు మన్‌హాటన్ నడిబొడ్డున భోజనశాలకు వెళితే బల్లలన్నీ ముందే బుక్కయ్యాయన్న జవాబో, గంటల తరబడి ఎవరూ పలకరించని మౌనమో ఎదురయ్యేది. హార్లెంలో నివసిస్తూ న్యూజెర్సీలో ఉత్తరాలు పంచే విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో అచ్చువేసిన గ్రీన్ బుక్ అనే పలుచటి పుస్తకం ఈ మౌనానికి విరుగుడు. తొలి సంచిక న్యూయార్క్ పరిసరాలకే పరిమితమై, నల్లజాతి ప్రయాణికులకు అవమానం లేకుండా తిండీ బసా ఇచ్చే చోట్లను చిరునామాలతో సహా చెప్పింది. తర్వాత దేశమంతటికీ విస్తరించి 1966–67 సంచిక దాకా నడిచింది. అందులో రుచి గురించిన తీర్పు దాదాపు కనబడదు. పారిస్‌లో మకుటం లేని రాణిగా వెలిగిన గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్‌కు 1951 అక్టోబరులో స్టార్క్ క్లబ్బులో అడిగిన మాంసపు ముక్క ఎంతకీ రాకపోవడం, దాని మీద నిరసన ప్రదర్శనలు జరగడం చూస్తే, గ్రీన్ రుచి విషయాన్ని ఎందుకు పట్టించుకోలేదో అర్థమవుతుంది.

1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం ఘనమైన ఫ్రెంచి శాలల ఆర్థిక మూలాన్నే నరికివేసింది, ఎందుకంటే వాటి లాభం వంటలో కాక ద్రాక్షసారాయిలో ఉండేది. డెల్మోనికో 1923లో మూతపడింది. ఆ సంప్రదాయాన్ని తిరిగి నిలబెట్టినది 1939 ప్రపంచ ప్రదర్శనలో ఫ్రాన్స్ మండపానికి భోజనశాల నడపడానికి వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయిన ఆన్రీ సూలే. 1941లో అతడు తెరిచిన లె పవియాఁలో ఎవరికి ఏ బల్ల అన్నది వంట కంటే పెద్ద కళ. గుమ్మానికి దగ్గరగా ఉన్న కొన్ని బల్లలు పరువుకు గుర్తు. వంటగది వైపు మూలలో పడినవారు తాము సైబీరియాకు ప్రవాసం పంపబడ్డామని చెప్పుకొనేవారు. భవనం సొంతదారైన కొలంబియా చిత్రసంస్థ అధినేత హ్యారీ కోన్ మంచి బల్ల దక్కక అద్దె పెంచాడనీ, సూలే బల్ల ఇవ్వడానికి బదులు 1957లో భవనమే ఖాళీ చేశాడనీ చెప్పుకుంటారు.

ఇటువంటి చోట్లకు సామాన్య పాఠకుణ్ణి సమానుడిగా ప్రవేశపెట్టడానికి ప్రయత్నించినవాడు న్యూయార్క్ టైమ్స్ ఆహార సంపాదకుడు క్రెయిగ్ క్లెయిబోర్న్. మిసిసిపీలో తల్లి నడిపిన పూటకూళ్ళ బసలో పెరిగి, స్విట్జర్లాండ్‌లో హోటలు విద్య నేర్చిన ఇతడు 1962లో వారం వారం సమీక్షలు మొదలుపెట్టి, మరుసటి ఏడు వాటికి నక్షత్రాలు జోడించాడు. ఒకటికి రెండు మూడు సార్లు వెళ్ళడం, ఎవరో తెలియనివ్వకపోవడం, బిల్లు పత్రికే చెల్లించడం అన్న నియమాలు ఆ తర్వాత వచ్చినవారందరికీ ప్రమాణమయ్యాయి. అంతకు ముందు ప్రకటన ఇచ్చినవాడిని పొగిడే రాతలకు సమీక్ష అన్న పేరు చెల్లుతూ ఉండేది. 1966లో చిత్రకారులు మిల్టన్ గ్లేజర్, జెరోమ్ స్నైడర్ చౌక భోజనశాలల మీద వెలువరించిన ది అండర్‌గ్రౌండ్ గోర్మే అదే గౌరవాన్ని కొద్దిపాటి డబ్బుతో తినే చోట్లకూ ఇచ్చింది. అజ్ఞాతం అసలు విలువ మాత్రం 1993 అక్టోబరులో బయటపడింది: టైమ్స్ సమీక్షకురాలు రూత్ రైషెల్ లె సర్క్ శాలకు మారువేషంలో సాదా స్త్రీగా వెళ్ళినప్పుడు జరిగిన అనాదరణనూ, గుర్తుపట్టినప్పుడు జరిగిన రాజోపచారాన్నీ పక్కపక్కన వర్ణించి, దాని నాలుగు నక్షత్రాలను మూడుకు దించింది. వంట రెండుసార్లూ ఒకే వంటగదిది.

1965 వలస చట్టం జాతుల కోటాను ఎత్తివేయడంతో ఎంపిక పటం మన్‌హాటన్ దాటి క్వీన్స్‌కు విస్తరించింది. భారతీయ వంటకు అప్పటికే అక్కడ పాత చరిత్ర ఉంది. ఓడల కొలిమి గదుల నుంచి తప్పించుకు వచ్చిన బెంగాలు ప్రాంతపు సిల్హెట్ ముస్లిం నావికులు ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలానికే థియేటర్ల పేటలో భోజనశాలలు నడిపారు. 1960ల చివర తూర్పు 6వ వీధిలో వారి ప్రాంతపువారే వరుసగా తెరిచిన దుకాణాలు, ఉత్తర భారత మెనూలతో, రంగు దీపాల తోరణాలతో, గుమ్మం ముందు నిలబడి పిలిచే మనుషులతో ఎంత ఒకేలా ఉండేవంటే, వాటన్నిటికీ వెనుక ఒకే వంటగది ఉందన్న హాస్యం నగరమంతా పాకింది. లెక్సింగ్టన్ అవెన్యూలో మాత్రం విచిత్రమైన సంగమం జరిగింది. మద్రాస్ మహల్, పొంగల్ వంటి శాకాహార దోసె హోటళ్ళు కోషర్ ధ్రువపత్రం తెచ్చుకున్నాయి. మాంసమే లేని వంటగదిలో పాలూ మాంసమూ కలిసే ప్రమాదం లేదు కనుక రబ్బీ చూడవలసినది పప్పులో, ఆకుకూరలో పురుగు లేకపోవడం వంటి వాటినే. టోపీ పెట్టిన యూదు కుటుంబమూ, మాంసం తినని గుజరాతీ కుటుంబమూ పక్క పక్క బల్లల మీద మసాలా దోసె తినడానికి రెండు వేర్వేరు ధర్మశాస్త్రాలు కారణం. క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో 1977 జూలై 4న ప్రతిష్ఠ జరిగిన గణపతి ఆలయం నేలమాళిగలోని క్యాంటీన్‌కు దక్షిణ భారతీయులంతా దర్శనం తర్వాత దిగడం అలవాటైంది. 1990ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన తెలుగువారు ఎక్కువగా హడ్సన్‌కు అవతల, న్యూజెర్సీలోని జెర్సీ సిటీ, ఎడిసన్ పరిసరాల్లో స్థిరపడడంతో హైదరాబాదీ బిర్యానీ బోర్డులూ గోంగూర మాంసమూ అటే మకాం వేశాయి. ఎక్కడ ఆదివారం బఫే బాగుంటుందన్న వార్త అక్కడ ఇప్పటికీ నోటి మాటగానే తిరుగుతుంది.

నోటి మాటను లెక్కలుగా మార్చినవారు టిమ్, నీనా జగాట్ అనే న్యాయవాద దంపతులు. పత్రికా సమీక్షకుడొక్కడి నాలుకను నమ్మడమెందుకన్న విందు సంభాషణ నుంచి 1979లో వారు స్నేహితుల అభిప్రాయాలు సేకరించి, వంట, అలంకరణ, వడ్డనలకు విడివిడిగా 30కి ఇన్నన్న మార్కులు వేసి కాగితాల మీద పంచారు. అది కోటు జేబులో పట్టే ముదురెరుపు అట్ట పుస్తకమై లక్షల్లో అమ్ముడుపోయి, 2011లో గూగుల్ చేతికి వెళ్ళింది. 1992లో డెమొక్రాట్ల జాతీయ మహాసభ సందర్భంగా ఏడాది అంకెనే ధరగా పెట్టి, 19.92 డాలర్లకు ఖరీదైన శాలలు మధ్యాహ్న భోజనం వడ్డించిన రెస్టారెంట్ వారోత్సవం వెనుక కూడా టిమ్ జగాట్ ఉన్నాడు. 2005లో ఫ్రాన్సు టైర్ల సంస్థ మిషెలాఁ తన తొలి అమెరికన్ మార్గదర్శిని న్యూయార్క్‌కే కేటాయించి 39 శాలలకు నక్షత్రాలిచ్చినా, వీధిలో నడిచే మనిషికి అంతకంటే ఎక్కువగా కనబడే గుర్తు 2010 జూలైలో నగర ఆరోగ్యశాఖ కిటికీలకు అంటించిన అక్షరం. తనిఖీలో దొరికిన లోపాలకు మార్కులు వేసి, 13 దాకా వస్తే నీలి రంగు ఏ, 27 దాకా ఆకుపచ్చ బి, 28 గాని అంతకు మించి గాని వస్తే నారింజ సి ఇస్తారు. అక్షరం చెప్పేది ఎలుకలు, ఉష్ణోగ్రతలు, చేతులు కడిగే తొట్టి సంగతి మాత్రమే; చైల్డ్స్ తెల్ల పలకలు యజమాని సొంత ఖర్చుతో చెప్పుకున్నదాన్నే ఇప్పుడు ప్రభుత్వం చెబుతున్నది.

ఇటీవలి మలుపు మళ్ళీ బల్ల దగ్గరికే వచ్చింది. ఫోనులోనే బుకింగు జరిగే పద్ధతి స్థిరపడ్డాక, పేరున్న శాలల బల్లలను యంత్రప్రోగ్రాములు క్షణాల్లో ఎగరేసుకుపోవడం, వాటిని దళారులు వందల డాలర్లకు అమ్ముకోవడం మొదలైంది. రెస్టారెంటు అనుమతి లేకుండా ఆ బుకింగులను అమ్మే వేదికలను నిషేధిస్తూ న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టం మీద 2024 డిసెంబరులో గవర్నరు సంతకం పడి, 2025 ఫిబ్రవరిలో అది అమలులోకి వచ్చింది. 2025లోనే న్యూయార్క్ టైమ్స్ తన కొత్త సమీక్షకులిద్దరి ముఖాలను బయటపెట్టి, క్లెయిబోర్న్ నాటి అజ్ఞాత నియమానికి స్వస్తి చెప్పింది. ఫోటోలు ప్రతి వంటగది గోడ మీదా అంటించి ఉన్న కాలంలో ఆ ముసుగుకు అర్థం లేదన్నది దాని వాదన, రైషెల్ చూపించినదానికి అది జవాబు కాకపోయినా. దళారులను అడ్డుకున్న చట్టం కూడా, యజమాని పాత ఖాతాదారుల కోసమూ ప్రముఖుల కోసమూ కొన్ని బల్లలను బుకింగు జాబితాకు ఎక్కించకుండా పక్కన పెట్టుకోవడాన్ని ముట్టుకోలేదు. సూలే చేసినట్టే ఆ బల్లలు ఎవరికన్నది నేటికీ గుమ్మం దగ్గర నిలబడిన మనిషే తేలుస్తాడు.